పద్నాలుగో సవరణ, మా వీధి ఘటం

నేను రిటైరైన సివిక్స్ మేస్టారిని. పాఠం వినే పిల్లలు లేకపోయేసరికి అమెరికా మీద పడ్డాను. గరివిడి దగ్గర మా ఇంటి ముందు గదిలో కూర్చుని, అక్కడి కోర్టుల్లో ఏం జరుగుతోందో పొద్దస్తమానం ఫోనులో చూస్తుంటాను. ఆ గదిని మా ఆవిడ అమెరికా గది అంటుంది.

అక్కడి గడ్డ మీద పుట్టిన బిడ్డ అక్కడి పౌరుడేనని వాళ్ళ రాజ్యాంగం పద్నాలుగో సవరణ చెబుతుంది. తల్లిదండ్రులు కాగితాల్లేకుండానో, తాత్కాలిక వీసా మీదో ఉంటే వాళ్ళ బిడ్డలకి ఆ హక్కు లేదని అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. అప్పట్నుంచి నాకు కుదురు లేదు. అమెరికా వెళ్ళడం మాట అటుంచండి, నాకు పాస్‌పోర్టే లేదు. అయినా ఎవరో మా పెరట్లో జామకాయలు కోసుకుపోతున్నట్టు, టీకొట్టు దగ్గర ఆ సవరణకి కాపలా కాసేవాణ్ణి. "మేస్టారికి అమెరికా పూనింది" అనేవారు. నేనది పొగడ్తగానే తీసుకున్నాను.

ఫ్యాక్టరీలో పనికని ఒడిశా నుంచి వచ్చిన ఒక జంట మా వెనక వాటాలో అద్దెకుంటారు. వాళ్ళ కూతురు ఐదో తరగతి. కిందటేడు అమ్మవారి పండక్కి ఘటం ఎత్తాలని దాని పట్టు. పసుపు రాసిన కుండ మీద దీపం పెట్టి, తలకెత్తుకుని, డప్పుల వెనక వీధి పొడుగునా నడవాలి. పండగ ఇంకా చాలా దూరం ఉండగానే మా ఇత్తడి చెంబు నెత్తిన పెట్టుకుని పెరట్లో నడక మొదలెట్టింది. చెంబుకి సొట్టలు పడ్డాయి. అదే నేను పడేసి ఉంటే మా ఆవిడ ఏమనేదో నాకు తెలుసు. దాన్ని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

ఘటం ఊరి ఆడపిల్లలే ఎత్తాలని కట్టుబాటు. కమిటీ పెద్ద వరసకి నాకు బావ. వేరే ఊరివాళ్ళ పిల్లకి కుదరదన్నాడు. పిల్ల మా గుమ్మంలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు జాలేసింది. నిజం చెప్పొద్దూ, ఇన్నాళ్ళకి నా వాదనకి ఒక కేసు దొరికిందని లోపల కాస్త సంబరం కూడా కలిగింది.

గుడి అరుగు మీద మీటింగు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. పిల్ల, వాళ్ళమ్మ, మా ఆవిడ ఓ పక్కన నిలబడ్డారు.

"బావా, ఆ పిల్ల పుట్టింది ఎక్కడ? మన ఊరి ఆస్పత్రిలో. పుట్టిన ఊరే మనిషికి ఊరు. అమ్మానాన్నలు ఎక్కణ్ణుంచి వచ్చారని అడక్కూడదు. ఇప్పుడు అమెరికాలో..." అని మొదలెట్టి, సవరణ ఎందుకొచ్చిందో, బానిసల పిల్లలకి ఏ హక్కు దక్కిందో, ఇప్పుడు కోర్టులో ఎవరు ఏమంటున్నారో మొత్తం దింపేశాను. ఒకాయన నోరు తెరిచాడు. ఆశ్చర్యపోయాడనుకున్నాను. ఆవులించాడు.

బావ ఓపిగ్గా విన్నాడు. "అయిపోనాదా? పుట్టిన ఊరే ఊరంటావు. మరి నువ్వెక్కడ పుట్టినావు బావా?"

మా అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. మెడ నిలిచాకే నన్ను ఈ ఊరు తీసుకొచ్చారు.

"బొబ్బిల్లో" అన్నాను.

"అంటే నీ లెక్కన నువ్వు బొబ్బిలోడివి. మా ఊరి మీటింగులో నీకేటి పని?"

అరుగంతా గొల్లుమంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. అన్నేళ్ళు సుద్దముక్క పట్టిన చెయ్యి ఊరుకుంటుందా? "మరి నువ్వో?" అన్నాను. బావ పుట్టింది రాజాంలో. పక్కాయన సాలూరులో. ఆవులించినాయన చీపురుపల్లిలో. ఆడపిల్లని పురిటికి పుట్టింటికి తీసుకెళ్ళకపోతే మా వైపు తల కొట్టేసినట్టే మరి. నేను అంత దూరం నుంచి మోసుకొచ్చిన సూత్రం ప్రకారం కమిటీలో ఒక్కడికీ ఈ ఊళ్ళో చోటు లేదు. ఏ ఉత్తర్వూ ఒక్క దెబ్బకి ఇంతమందిని వెళ్ళగొట్టి ఉండదు.

"అలాగైతే ఇక్కడున్నోళ్ళలో ఈ ఊరిది ఇదొక్కర్తే కదేటి" అంది మా ఆవిడ, పిల్ల భుజమ్మీద చెయ్యి వేసి.

బావ నవ్వుతూనే తల్లివైపు తిరిగాడు. "అందరూ పుట్టింటికెల్తారు గదమ్మా. నువ్వెందుకెల్లలేదు?"

"పురిటికి పిలవడానికి మా అమ్మ లేదు బాబూ. నా పెళ్ళికి ముందే పోనాది" అందామె.

నవ్వులు ఆగిపోయాయి. అక్కడున్న మగాళ్ళందరం ఎవరో ఒక అమ్మమ్మ పిలిస్తే పుట్టినవాళ్ళం. నాకు సిగ్గేసింది. ఆ పిల్ల ఇక్కడే పుట్టిందని గొంతు చించుకున్నాను గానీ, ఇక్కడే ఎందుకు పుట్టిందని ఒక్కసారీ అడగలేదు. బావ పిల్లని దగ్గరికి పిలిచాడు. తర్వాత, "పిల్లకి పట్టు పావడా కుట్టించండి. ముందు వరసలో నడుస్తాది" అన్నాడు.

నడిచింది. దీపం ఆరలేదు, కుండ జారలేదు. నేను పక్కనే నడుస్తూ కళ్ళు తుడుచుకుంటుంటే, "బొబ్బిలి మేస్టారూ, దారికడ్డం లేవండి" అని వెనకనుంచి కేకలు. ఆ పేరు అప్పుడే స్థిరపడింది.

ఈ ఏడు ఆ తల్లికి మళ్ళీ నెలలు నిండాయి. మా ఆవిడ చీర, పసుపు, కుంకుమ పళ్ళెంలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, గోడ అవతల వాటాకి పురిటికి పిలవడానికి వెళ్ళింది. నేను నాలుగు మాటలు తయారుచేసుకుని వెళ్ళాను. నోరు విప్పనివ్వలేదు. తిరిగొచ్చాక, "అమెరికా గది ఖాళీ చెయ్యండి" అంది.

ఇప్పుడు నేను వరండాలో ఉంటున్నాను. నిన్న మధ్యాహ్నం ఫోను శబ్దం పూర్తిగా తగ్గించి చూస్తుంటే బావ వచ్చాడు. తెర మీద ఇద్దరు లాయర్లు వాదించుకుంటున్నారు.

"ఏటి బావా, ఎవరు గెలుస్తన్నారు?" అని గట్టిగా అడిగాడు.

"మెల్లగా మాట్లాడు" అన్నాను. "మా అమ్మాయి పురిటికొచ్చింది. ఇప్పుడే పడుకుంది."