తొమ్మిదేళ్ళ పెళ్ళికొడుకు

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాడి సంగతి మీరు వినే ఉంటారు. నేను పిల్లాణ్ణి పెట్టుకెళ్ళాను. ఆ ఘనకార్యం వల్ల నా పెళ్ళి పెటాకులు కాబోయి వెంట్రుకవాసిలో తప్పింది. ఇప్పటికీ నాచారం చౌరస్తా దాటుతుంటే ఆ ఆదివారం గుర్తొచ్చి గుండె మీద చెయ్యేసుకుంటాను. అది కొట్టుకుంటోందని రూఢి చేసుకున్నాకే బండి ముందుకు పోనిస్తాను.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. వీడియో గేములు ఆడటం నాకు ఒక జబ్బయితే, వాటి మీద అభిప్రాయాలు చెప్పడం రెండోది. మొదటిదానికి టీవీ కావాలి, కరెంటు కావాలి, తీరిక కావాలి. రెండోదానికి నోరుంటే చాలు. ఏ దేశంలో ఏ కంపెనీ ఏ స్టూడియోని కొన్నా, ఏ ఆట విడుదల వాయిదా పడినా, మర్నాడు పొద్దున్న ఉప్పల్ నుంచి పోచారం వెళ్ళే ఆఫీసు బస్సులో, బోడుప్పల్ దాటేలోపు నా తీర్పు వెలువడాల్సిందే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు పెద్దలు. బస్సులో అయితే వినేవాడు దిగిపోలేడు కూడా.

అలా దిగిపోలేక విన్నవాళ్ళలో స్రవంతి ఒకతె. మా పక్క బిల్డింగులో ఉద్యోగం. ఒకరోజు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, నా వైపు తిరిగింది.

"గింత మాట్లాడుతున్నవ్ కదా. నువ్వు ఆడుతవా, లేకుంటే ఉత్త మాటలేనా?"

"రెండూనండీ."

"మరి గెలుస్తవా?"

"అది వేరే చర్చ."

నవ్వింది. ఆ నవ్వు మెల్లగా ముదిరి, వాళ్ళ నాన్నగారి ముందు నేను చేతులు కట్టుకుని కూర్చునే దాకా వచ్చింది.

మామగారి పేరు యాదగిరి. నాచారంలో ఇల్లు, మల్లాపూర్‌లో లేతు మిషన్ల వర్క్‌షాపు. ఇనుమును చెక్కి చెక్కి ఆయన చూపు కూడా అలాగే తయారైంది. ఎదుటివాడు ఎక్కడ వంకరగా ఉన్నాడో ఇట్టే పట్టేస్తుంది. మా వాళ్ళది రేపల్లె వైపు, చిల్కానగర్‌లో స్థిరపడ్డాం. మా ప్రాంతం సంగతి ఆయన పట్టించుకోలేదు, మా కులం సంగతి మెల్లగా దిగమింగారు. ఒక్కటి మాత్రం అడిగారు.

"చూడు బాబు. మా తమ్ముడు పత్తాలాడి ఆడి, నాతోటి సమానంగ వచ్చిన లేతు మిషన్ అమ్ముకున్నడు. పెండ్లాం పిల్లలు ఆగమైన్రు. అందుకే చెప్తున్న. తాగెటోన్నన్న జర సముదాయించొచ్చు, ఆడెటోనికి మాత్రం పిల్లనియ్య. పత్తాలైనా, ఫోనైనా, ఆట ఆటే. నీకేమన్న ఉన్నదా గసొంటిది?"

స్రవంతి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"ఆడను మావయ్యగారూ. ఆ పరిశ్రమ వార్తలు తెలుసుకుంటుంటాను, అంతే."

"పరిశ్రమనా! మంచిదే. మల్లాపూర్‌ల పెట్టిన్రా?"

"లేదండీ, జపాన్‌లో."

పరిశ్రమ అనే మాట ఆయనకు నచ్చింది. ముహూర్తం పెట్టేశారు. నిజానికి నేను పూర్తిగా అబద్ధమాడలేదు, ఎందుకంటే ఆ నెల నేను బహిష్కరణలో ఉన్నాను. నెలనెలా డబ్బు కడితే బోలెడు ఆటలు ఆడుకోనిచ్చే సర్వీసు ఒకటి ఉంది. వాళ్ళు ఉన్నట్టుండి ధర పెంచారు. నేను బస్సులో లేచి నిలబడి ప్రకటించాను. "ఇది పగటి దోపిడీ! ఈ రోజు నుంచి వాళ్ళకి నా చేత్తో ఒక్క రూపాయి ఇవ్వను!" డ్రైవరు అద్దంలోంచి చూసి "సార్, జర కూసోండ్రి" అన్నాడు. ఉద్యమాలన్నీ ఇలాగే నీరుగారిపోతాయి.

ప్రతిజ్ఞ చేసిన పది రోజులకే, నేను ఇంటర్మీడియెట్ రోజుల నుంచి ఎదురుచూస్తున్న ఆట రెండో భాగం వచ్చింది. ఎక్కడ వచ్చింది? ఆ సర్వీసులోనే, మొదటి రోజే! ఇప్పుడు డబ్బు కడితే బస్సులో తలెత్తుకోలేను. కట్టకపోతే రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

సరిగ్గా అప్పుడే మామగారు ఫోన్ చేశారు. "బాబు, కొత్త టీవీ తెచ్చినం. పెండ్లికి చుట్టాలు వస్తరు కదా. నువ్వు సాఫ్ట్‌వేరు కదా, వచ్చి జర చాలూ జేసిపో."

సాఫ్ట్‌వేరు చదివిన ప్రతి అల్లుడూ చివరికి టీవీ మెకానిక్కే. వెళ్ళాను. టీవీ మొదలు పెట్టగానే తెర మీద ఒక శుభవార్త మెరిసింది. ఈ టీవీ కొన్నవారికి ఆ సర్వీసు ఏడాది పాటు ఉచితం! పైగా కుటుంబం మొత్తానికీ! దేవుడు ఉన్నాడు, నాచారంలోనే ఉన్నాడు అనుకున్నాను.

మామగారిని ఇంటి పెద్దగా ఎక్కించాను. ఇక నన్ను చేర్చాలి. పెద్దవాళ్ళను చేర్చాలంటే అదే ఇంటి చిరునామాతో బ్యాంకు కార్డు కావాలట. పిల్లల్ని చేర్చాలంటే మాత్రం పేరు, పుట్టినరోజు, ఫోటో చాలట. చూశారా, ఎక్కడో కూర్చుని నియమాలు రాసేవాడి కంటే చిల్కానగర్‌వాడు ఎంత తెలివైనవాడో! మా అమ్మ నన్ను పిలిచే పేరు బుజ్జి. అదే పెట్టాను. పుట్టినరోజు నాదే ఉంచి, సంవత్సరం మార్చి, వయసు తొమ్మిదికి దించాను. ఫోటోకి ఏ పిల్లి బొమ్మో పెడితే సరిపోయేది. కానీ చేసే పని ఏదైనా నిక్కచ్చిగా చెయ్యడం నాకు అలవాటు. మూడో తరగతిలో, ముందు పన్ను ఊడి, నిక్కరు మోకాళ్ళ దాకా జారిన నా సొంత ఫోటో పెట్టాను.

"అయిపోయిందా బాబు?" అన్నారు మామగారు ఛాయ్ అందిస్తూ.

"అయిపోయింది మావయ్యగారూ," అన్నాను. ఎంత నిజమో అప్పుడు నాకు తెలియదు.

వారం రోజులు ఆ బుజ్జి ఖాతాతో మా ఇంట్లో స్వర్గం. శనివారం సెలవని పొద్దుటి నుంచీ ఆడుతూనే ఉన్నాను, సాయంత్రానికి ఆట మంచి పట్టులో ఉంది. ఎదురుగా రాక్షసుడు, వాడికి ఇంకో నాలుగు దెబ్బలు తగిలితే చాలు. ఠక్కున తెర ఆగిపోయింది. "బుజ్జీ, ఈ రోజుకి చాలు! ఇంకాసేపు కావాలంటే మీ నాన్నను అడుగు" అని వచ్చింది. కింద "అడుగు" అనే బొమ్మ. తొమ్మిదేళ్ళ పిల్లలకి రోజుకింత అని హద్దు ఉందట. నేను సర్వీసుల మీద ఏడేళ్ళుగా ఉపన్యాసాలిస్తున్నాను గానీ, ఒక్కదాని నియమాలూ పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ఆ అభ్యర్థన మామగారు ఎప్పుడూ తెరవని ఏ ఈమెయిల్‌కో పోతుందిలే అనుకుని నొక్కాను. జవాబు రాలేదు. ఆత్రంలో ఇంకా చాలాసార్లు నొక్కాను.

ఆదివారం పొద్దున్న స్రవంతి ఫోన్. గొంతు మంచు ముక్కలా ఉంది.

"నాన్న రమ్మంటుండు. ఎంటనే."

"ఏమైంది?"

"అది నువ్వే చెప్పాలె."

నాచారం ఇంట్లో అడుగు పెడితే, అది టీవీ ఉన్న గదిలా లేదు, పంచాయితీలా ఉంది. మామగారు కుర్చీలో. అత్తగారు గుమ్మం దగ్గర, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. మామగారి అక్క అండాళమ్మగారు సోఫా మధ్యలో. ఆమెకి మొదట్నుంచీ నా మీద అనుమానమే. స్రవంతి గోడకు ఆనుకుని చేతులు కట్టుకుంది. గోడ మీద యాభై అంగుళాల తెర నిండా, పన్ను లేని నోటితో నవ్వుతూ నేను. కింద తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలు. "మీ కుటుంబంలోని బాలుడు బుజ్జి, 9 సంవత్సరాలు, మీ అనుమతి కోసం ఎదురుచూస్తున్నాడు."

"నిన్న సందేళ సంది గీ బొమ్మ పోతలేదు," అన్నారు మామగారు. "మేం లగ్నపత్రిక రాయిస్తుంటె వచ్చింది. చుట్టాలందరు చూసిన్రు. నొక్కితే ఏమైతదో అని నేను నొక్కలే."

ఆట సంగతి బయటపడిందనుకున్నాను. పేకముక్కలు, లేతు మిషన్, తమ్ముడు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"తప్పయిపోయింది మావయ్యగారూ."

"ఒప్పుకున్నడు!" అన్నారు అండాళమ్మగారు తొడ చరిచి. "నేను చెప్పలే? ఆ ముక్కు చూడుండ్రి. అచ్చం గీనదే!"

ముక్కు గురించి ఎందుకు మాట్లాడుతున్నారో నాకు అర్థం కాలేదు. మామగారు గొంతు సవరించుకున్నారు.

"బాబు, అబద్ధమాడకు. ఈ పిలగాని తల్లి ఏడుంటది?"

"రేపల్లె వెళ్ళిందండీ, పెళ్ళి పిలుపులకి," అన్నాను అమాయకంగా.

అత్తగారు గుమ్మంలోనే కూలబడిపోయారు. స్రవంతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూశాక నాకు వెలిగింది. వీళ్ళు నా కొడుకు అనుకుంటున్నారు! నేను తొమ్మిదేళ్ళ కొడుకుని దాచిపెట్టి, ఎవరినో రేపల్లెలో వదిలేసి, ఇక్కడ పెళ్ళికి సిద్ధమయ్యాననుకుంటున్నారు!

ఇక్కడ ఒక్క క్షణం ఆగి నా పరిస్థితి చూడండి. వాడు నేనే అంటే, నేను ఆడుతున్నట్టు తేలిపోతుంది, పెళ్ళి రద్దు. నేను కాదంటే నా కొడుకవుతాడు, పెళ్ళితో పాటు నా ఎముకలు కూడా రద్దు. కంగారులో మూడో దారి వెతికాను.

"వాడు... మా అక్క కొడుకు."

"నీకు అక్కనే లేదు కదా!" అంది స్రవంతి.

అంతే, దారులన్నీ మూసుకుపోయాయి. ఆమె ఏడుస్తోంది. నేను సర్వీసు ధరల గురించి ఎంత వాగినా నవ్వుతూ భరించిన పిల్ల నా వల్ల ఏడుస్తోంది. దాని ముందు ఏ ఆటా ఏ పాటా లెక్కలోకి రాలేదు. పెళ్ళి పోయినా సరే అనుకున్నాను.

"మావయ్యగారూ, ఆ పిల్లాడు నేనే. ఊరికే ఆడుకోవచ్చని నన్ను నేను తొమ్మిదేళ్ళవాడిగా ఎక్కించుకున్నాను. ఇంకో గంట ఆడతానని అడుగుతున్నది కూడా నేనే."

ఎవరూ నమ్మలేదు. నిజానికి ఎవరు నమ్ముతారు చెప్పండి?

"చూడు, గిట్ల కూడ బుకాయిస్తరు!" అన్నారు అండాళమ్మగారు.

మా అమ్మకి వీడియో కాల్ చేసి ఫోను టీవీ వైపు తిప్పాను. "అమ్మా, ఈ ఫోటోలో ఎవరో చెప్పు."

"ఒరేయ్ బుజ్జీ! ఇది నీ మూడో తరగతి ఫోటో కదరా! వదినగారూ, బాగున్నారా? ఆ నిక్కరు వాళ్ళ బాబాయి ప్యాంటు కత్తిరించి కుట్టించాను. ఫోటో తీసిన రోజే దాన్ని తడిపేసుకున్నాడు, మీకు చెప్పకూడదు గానీ..."

చెప్పకూడదు అంటూనే అంతా చెప్పింది. తల్లులు ఇలాంటప్పుడు సంక్షిప్తంగా చెప్పరు. ఫోను పెట్టేసేసరికి అండాళమ్మగారు పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు, నవ్వు ఆపుకోలేక. అత్తగారు లేచి నిలబడ్డారు. స్రవంతి ఏడుపు మధ్యలోనే నవ్వు మొదలైంది.

మామగారు మాత్రం నవ్వలేదు. కుర్చీలో ముందుకు వంగి, లేతు మీద ముక్కని చూసినట్టు నన్ను చూశారు.

"అయితే ఆడుతున్నవ్."

"ఆడుతున్నానండీ. ఆ రోజు భయపడి చెప్పలేదు."

"పైసలు పెట్టి ఆడుతున్నవా?"

"పైసలు పెట్టకూడదనే కదండీ, ఈ వేషం వేసింది!"

మామగారు మెల్లగా కుర్చీలో వెనక్కి వాలారు.

"అక్కా, విన్నవా? మన తమ్ముడు ఆటకోసం మిషన్ అమ్మిండు. ఈడు చిల్లిగవ్వ ఖర్సు కావద్దని తొమ్మిదేండ్ల పోరడైండు. ఈని తోటి కొంప మునగదు. ఫికర్ లేదు, లగ్నపత్రిక ఇటు తే."

హమ్మయ్య! ఆ క్షణంలో నేను వదిలిన ఊపిరికి లగ్నపత్రిక ఎగిరి కింద పడింది. నా పిసినారితనం నన్ను కాపాడింది. జీవితంలో మొదటిసారి మామగారికి నా వ్యక్తిత్వంలో ఒక మెచ్చుకోదగిన గుణం కనిపించింది.

"నాకు నిజం చెప్తే ఏం పోయేది?" అని స్రవంతి మాత్రం వీధి చివర దాకా తిడుతూనే సాగనంపింది. ఆ తిట్లు నాకు మంగళవాద్యాల్లా వినిపించాయి.

పెళ్ళయింది. సుఖంగా ఉన్నాం. అయితే ఒక చిన్న సంగతి మిగిలిపోయింది. కుటుంబంలో చేరిన పిల్లల్ని ఏడాది దాకా తియ్యడం కుదరదట. నియమాల్లో ఉంది, ఈసారి చదివాను. అందువల్ల ఇప్పటికీ రోజూ సాయంత్రం నేను "అడుగు" నొక్కుతాను. మల్లాపూర్‌లో మిషన్ ఆపి, చేతులు తుడుచుకుని, మామగారు ఫోనులో చూస్తారు. జవాబు రాసే వీలు ఉందని కూడా కనిపెట్టేశారు. "ముందు గ్యాస్ సిలిండర్ మార్చు." "మీ అత్తను దవాఖానకు తీస్కపో, తర్వాత ఆడు." మొన్న నా ముప్ఫయ్యో పుట్టినరోజుకి టీవీ ఆయనకు ముందే గుర్తు చేసిందట. కేకు తెచ్చారు. దాని మీద "బుజ్జి, 10" అని రాయించారు. స్రవంతి పుణ్యమా అని ఆఫీసు బస్సులో ఇప్పుడు అందరూ నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు.

కాబట్టి మామగారి లేతు మిషన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గేమింగ్ సర్వీసు మీదా అభిప్రాయం చెప్పను, దేన్నీ బహిష్కరించను, వయసు దించుకోను, నియమాలు చదవకుండా బొమ్మ నొక్కను. ఈ ప్రమాణం ఈ రోజు నుంచే అమల్లోకి రావాలి గానీ, నేను మైనరుని కదా, మామగారు ఇంకా అనుమతించలేదు.