యాషూబు అని పిలిచినన్నాళ్ళూ

నాన్న బొంబాయి మీదుగా మస్కట్ వెళ్ళేనాటికి తమ్ముడు అమ్మ కడుపులో ఉన్నాడు. రెండేళ్ళలో వచ్చేస్తానన్నాడు. గల్ఫ్ వెళ్ళే ప్రతివాడూ అనే మాటే అది. అయినా నేను నమ్మాను.

తమ్ముడు పుట్టాక పేరు కోసం అమ్మ చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్ళింది, వెనకాలే నేను. బైబిల్లో పేరు ఊరికే పిలుచుకోవడానికి పెట్టరని, జరగబోయేది అందులో ఉంటుందని ఆయన చెప్పారు. జనం పరాయిదేశాలకు చెరపోయే రోజులు రాబోతుండగా యెషయా ప్రవక్త తన కొడుక్కి షెయార్యాషూబు అని పెట్టాడట. మిగిలినవారు తిరిగివస్తారని అర్థం. ఆ పిల్లాణ్ణి వెంటబెట్టుకునే రాజుకు ఎదురెళ్ళాడట. వాడు నోరు విప్పక్కర్లేదు, వాడి పేరే కబురు.

'మిగిలినవారు' అంటే కొందరు తిరిగిరారనేగా అని అమ్మకు భయం పట్టుకుంది.

"తిరిగొస్తారన్నంత వరకే పెట్టకూడదాండీ?"

అయ్యగారు నవ్వి, యాషూబు అని పేరు పెట్టి ప్రార్థన చేశారు.

ఆ పేరు పట్టుకుని మా పేటంతా వేళాకోళం ఆడింది. అమ్మ పట్టించుకోలేదు. వాడు కాళ్ళ దగ్గరే ఆడుకుంటున్నా సరే, గుమ్మంలో నిలబడి, రావులపాలెం బస్సు వచ్చే వైపు చూస్తూ గొంతెత్తి పిలిచేది. వాడు ఇక్కడే ఉన్నాడు కదా, ఎందుకా అరుపులు అని విసుక్కునేదాన్ని. కొన్నాళ్ళకు నాకూ అదే జబ్బు పట్టుకుంది. నాన్న మీద బెంగ పుట్టినప్పుడల్లా, పనేమీ లేకపోయినా వాణ్ణి పిలిచేదాన్ని.

పేరూ అర్థమూ నాన్నకు రాశాం. రోజూ పడుకోబోయే ముందు ఆ పేరే అనుకుంటున్నానని జవాబిచ్చాడు. రెండేళ్ళన్నది ఐదేళ్ళు దాటింది. అక్కడి యజమాని పాస్‌పోర్టు ఇవ్వడం లేదట.

ఆ ఏడే తమ్ముణ్ణి బళ్ళో వేశాం. మా పేట పిల్లలకు బళ్ళో వేరే పేరుంటుంది. బైబిలు పేరు రాయిస్తే రేపు కులం సర్టిఫికెట్టు దగ్గర తిప్పలు. అందుకని వాడికీ ఒక హిందువుల పేరు రాయించి, కొత్తవాళ్ళు ఎవరడిగినా అదే చెప్పాలని అమ్మా నేనూ నూరిపోశాం.

పాస్‌పోర్టు ఎలా చేతికొచ్చిందో ఏమో, ఒక మధ్యాహ్నం నాన్న చెప్పాపెట్టకుండా దిగాడు. నేనూ తమ్ముడూ అరుగు మీద ఉన్నాం. ప్యాంటు వదులైపోయి, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాడు. గుర్తుపట్టి అరవబోయాను. నన్ను చూసి కళ్ళనీళ్ళతో నవ్వి, అరవొద్దని సైగ చేశాడు. సూట్‌కేసు కింద పెట్టి తమ్ముడి ముందు గొంతుక్కూర్చున్నాడు. యాషూబు అన్న పేరు వాడి నోటే వినాలని ఎంత ఆశపడుతున్నాడో ఆ మొహంలోనే తెలుస్తోంది.

"నీ పేరేంటి బాబూ?"

తమ్ముడు చేతులు కట్టుకుని బడి పేరు, ఇంటిపేరుతో సహా, గడగడా అప్పజెప్పాడు.

నాన్న మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఆయ్, మంచి పేరండి," అన్నాడు, కన్నకొడుకుతో.