తమరి హాజరు అవసరమగుచున్నది

ఇదలీనా మా వీధి మలుపు తిరిగిందంటే చాలు, కిటికీ తలుపులు టపటపా మూసుకునేవి. పాపం, ఆవిడేమీ అప్పులు వసూలు చేసే మనిషి కాదు. బూడిదరంగు కోటు, నల్లబూట్లు, చేతిలో ఒక చిన్న సంచి. నోట్లోంచి ఒకే ఒక్క మాట. ఆ మాటకే ఊరంతా హడలి చచ్చేది. వెనకాల ఆవిడకి 'దోనా అవసరం', అంటే అవసరం అమ్మగారు, అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు ఆవిడ చెవిన పడలేదనుకునేవాళ్ళం గానీ, పడకుండా ఎలా ఉంటుంది? చేపలమ్మే గ్రసిందా గొంతు నది అవతల లిస్బన్ దాకా వినపడుతుంది.

మాది నది ఒడ్డు ఊరు. ఓడలు బాగుచేసే కార్ఖానా ఒకటి, బెరడుతో సీసా బిరడాలు చేసే కార్ఖానా ఒకటి. సమాధుల తోట మాత్రం చిన్నది. ఇటు చూస్తే కొండ, అటు చూస్తే రైలుకట్ట. ఎటూ జరగడానికి వీల్లేదు. కలిగినవాళ్ళకి పాలరాతి గోరీలున్నాయి, తరతరాలు అక్కడే పడుకుంటారు. మిగతావాళ్ళం చచ్చాక కూడా అద్దెకుండే బాపతే. మూడేళ్ళకి నేల తవ్వి, ఎముకలు పైకి తీసి, తుడిచి, చిన్న పెట్టెలో సర్ది, గోడలో గూట్లో పెట్టేస్తారు. ఆ గుంట ఇంకొకరికి ఇస్తారు. మట్టి తన పని పూర్తి చెయ్యకపోతే మళ్ళీ కప్పేసి ఇంకో రెండేళ్ళు ఆగుతారు. ఆ తవ్వే రోజు ఫలానా అని ఇంటింటికీ వచ్చి చెప్పడం వార్డు ఆఫీసులో ఇదలీనా ఉద్యోగం.

మొదట ఆవిడ ఆ ఆఫీసులో నేల తుడిచేది. పాత సెక్రటరీ ఎవరిస్తో గారికి ఆవిడ నిదానం నచ్చింది. ఒకనాడు చీపురు పక్కన పెట్టించి ఎదురుగా నిలబెట్టాడు.

"చూడమ్మా, గుమ్మంలో నిలబడి 'మీరు రావాలి' అనకు. ఎవరు రమ్మన్నారే అని నీ మీద పడతారు. 'మేం తవ్వుతున్నాం' అనకు, ఆఫీసు మీద పడతారు. 'అస్థికలు పైకి తీయుట అవసరమగుచున్నది, తమరి హాజరు అవసరమగుచున్నది' అను. అంతే. ఎవరికి అవసరం అని అడిగినా మళ్ళీ అదే అను."

"అలా అంటే బాధపడరా అండీ?"

"బాధపడతారు. పోట్లాడరు."

ఆయన చెప్పింది నిజమే. పోట్లాడటానికి మనిషంటూ ఒకడుండాలి కదా. ఆ మాటలో మనిషే లేడు. ఇదలీనా ఇంట్లో గడగడా వాగే మనిషి, మార్కెట్లో వంకాయల దగ్గర గొడవపడే మనిషి. కోటు తొడిగి ఒకరి గుమ్మం ముందు నిలబడగానే మాత్రం గొంతు మారిపోయేది, చర్చిలో ఫాదర్ గారు చదివినట్టు.

గ్రసిందా మొగుడి వంతు వచ్చినప్పుడు జరిగింది నేను చూశాను. గ్రసిందా చేపల పొలుసు గీరుతోంది, కత్తి కింద పెట్టలేదు.

"తమరి హాజరు అవసరమగుచున్నది," అంది ఇదలీనా.

"బతికున్నప్పుడే ఆ మొహం చూడలేకపోయానమ్మా. ఇప్పుడు ఏముందని చూడమంటావ్?"

"అవసరమగుచున్నది."

"ఎవరికే?"

"అవసరమగుచున్నదండీ."

"నీకేమైనా మతిపోయిందా, మర మాట్లాడినట్టు మాట్లాడతావేం? చిన్నప్పుడు నా జడ పట్టుకుని లాగినదానివి, నన్ను 'అండీ' అంటావా?"

ఇదలీనా మొహం కందిపోయింది గానీ మాట మార్చలేదు. గ్రసిందా వెళ్ళింది. నల్లదుస్తులు వేసుకుని, పక్కింటావిడ చెయ్యి పట్టుకుని, వెళ్ళి చూసింది. ఆ తరవాత చాలాకాలం చేపలు బేరమాడకుండా అమ్మింది. ఎవరేం ఇస్తే అది తీసుకునేది. దానికంటే తిట్టడమే నయమనిపించేది మాకు.

అలా ఎంతమందిని తోలుకెళ్ళిందో. తల్లుల్ని, ముసలి తండ్రుల్ని, కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళని కూడా. దగ్గరివాళ్ళు నిలబడి చూడాలి, అది రూలు అని ఆవిడ నమ్మింది. మేమూ నమ్మాం. ఆ మాట అంత గట్టిగా ఉండేది మరి.

ఇక వాళ్ళబ్బాయి సంగతి. బెల్మీరో ఒక్కడే కొడుకు. ఓడల కార్ఖానాలో పరంజా మీదనుంచి పడ్డాడు. పెళ్ళి కుదిరి ఉంది. నవ్వితే పక్కపన్ను ఒకటి బయటికొచ్చేది, ఆ పన్ను చూసి ఆడపిల్లలు పడిపోయేవాళ్ళు. జనవరి చలిలో పాతిపెట్టాం. పెట్టె మూసేముందు ఇదలీనా ఇంటికి పరిగెత్తి, తను అల్లిన ఆకుపచ్చ స్వెట్టర్ తెచ్చింది. "వాడికి చలి ఆగదు," అని ఏడుస్తూ వాడి కోటు కింద తనే తొడిగింది. ఎవరూ అడ్డం చెప్పలేదు. ఎలా చెబుతాం?

వాళ్ళాయన అల్బెర్తీనో బిరడాల కార్ఖానాలో రిటైరైన మనిషి. ఆయనకి కొడుకు పోయాక ఆదివారం ఒక్కటే మిగిలింది. మడతకుర్చీ చంకలో పెట్టుకుని తోటకెళ్ళి, సమాధి పక్కన కూర్చుని, ముందురోజు ఫుట్‌బాల్ ఆటంతా కొడుక్కి పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఎవరు గోల్ కొట్టారు, రెఫరీ ఎంత వెధవ, అంతా. ఓడిపోతే అబద్ధమాడేవాడు. "ఒరేయ్, మనవాళ్ళే గెలిచార్రా," అనేవాడు. నవంబరులో పెద్దల పండగకి ఇద్దరూ వెళ్ళి రాయి కడిగి చామంతులు పెట్టేవాళ్ళు. ఆ వారం వారం కబుర్లతోనే ఆయన బతికాడని చెప్పినా తప్పులేదు.

మూడేళ్ళు గిర్రున తిరిగాయి. బెల్మీరో ఉన్న వరస వంతు వచ్చిందని ఆఫీసులో అందరికీ తెలుసు, ఇదలీనాకీ తెలుసు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆఖరికి ఎవరిస్తో గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆవిడ మొహంలోకి చూడకుండా అన్నాడు.

"దోనా ఇదలీనా, అస్థికలు పైకి తీయుట అవసరమగుచున్నది."

ఆవిడ నోరు తెరిచింది. కొన్నాళ్ళు ఆగండి, మా ఆయన తట్టుకోలేడు, ఇన్నేళ్ళు మీకు చాకిరీ చేశాను అని అడగాలనుకుంది. ఎవర్ని అడగాలి? ఎదురుగా ఉన్నాయన తవ్వమనలేదు కదా. ఆ మాట ఎంత గట్టి గోడో ఆవిడకి అప్పుడు తెలిసింది. "అలాగేనండీ," అని బయటికొచ్చింది.

ఇంటికొచ్చేసరికి అల్బెర్తీనో పొయ్యి మీద క్యాబేజీ సూపు కలుపుతున్నాడు. ఆవిడ కోటు విప్పలేదు. ఇంటిమాటలో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. చివరికి గుమ్మం దగ్గర నిటారుగా నిలబడి ఆఫీసు గొంతుతో చెప్పేసింది. మొత్తం చెప్పింది. అస్థికలు, తేదీ, హాజరు, అన్నీ.

ఆయన గరిటె పక్కన పెట్టాడు.

"ఏమే, నాతో ఇలా మాట్లాడుతున్నావేంటి?"

ఆవిడ కోటు గుండీలు సరిచేసుకుంది.

"నేను రాను. నాకు వాడు ఆ పన్ను బయటపెట్టి నవ్వుతూనే ఉన్నాడు. నన్ను అలాగే ఉండనీ."

"తమరి హాజరు..."

"ఒక్కసారి నా మొహం చూసి మాట్లాడు. నేను రాకపోతే కుదరదా? నువ్వు తల్లివి కదా, నువ్వొక్కదానివి చాలవా?"

ఆవిడ పొయ్యి వైపు చూసింది. అందరికీ చెప్పిందే కట్టుకున్నవాడికీ చెప్పాలి కదా, తన ఇంటికొచ్చేసరికి రూలు మారుస్తుందా? గ్రసిందా గుర్తొచ్చింది. కళ్ళు తిరిగి పడిపోయిన ఆ ముసలాయన గుర్తొచ్చాడు. అంతమందిని నిలబెట్టి తన మొగుణ్ణి మాత్రం దాచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?

"కుదరదు," అంది. "తప్పదు."

ఇదలీనా తప్పదంటే తప్పదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయనకి ఆ సంగతి తెలుసు. "సరే అయితే," అన్నాడు. ఆ పూట సూపు అలాగే చల్లారిపోయింది.

తవ్వేరోజు ఆయన పెళ్ళినాటి సూటు వేసుకుని వచ్చాడు. గుండీలు పట్టడం లేదు. మడతకుర్చీ కూడా తెచ్చాడు, అలవాటు. చినుకులు పడుతున్నాయి. సమాధులు తవ్వే జెఫెరీనో మంచివాడు, మెల్లగా తవ్వాడు. పార పెట్టెకి తగిలిన చప్పుడవగానే "వెనక్కి జరగండి, నేను చూసి చెబుతాను," అన్నాడు. అల్బెర్తీనో జరగలేదు. హాజరు అవసరమన్నారు కదా. ఆయన మాట మీద నిలబడే మనిషి.

మూత తీశాడు జెఫెరీనో. మా ఊరి మట్టి బంకమట్టి, నీళ్ళు దిగవు. మట్టి తన పని పూర్తి చెయ్యలేదు. నేనిక్కడ ఎక్కువ చెప్పను. స్వెట్టర్ మాత్రం చెక్కుచెదరలేదు, ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది. జెఫెరీనో గభాలున మూతేసి, "ఇంకా కాలేదండీ, మళ్ళీ రెండేళ్ళకే," అని మట్టి లాగడం మొదలుపెట్టాడు. ఎంత గభాలున వేసినా ఆయన చూడాల్సింది చూసేశాడు.

అల్బెర్తీనో కుర్చీ మడత విప్పబోయి మానేశాడు. ఇంటికెళ్ళే దారిలో ఒకే ఒక్క మాటన్నాడు. "చలేస్తుందని నువ్వు తొడిగావే. బాగానే ఉంది."

ఆ తరవాత ఆదివారం వెళ్ళలేదు. దాని తరవాతిదీ వెళ్ళలేదు. కుర్చీ తలుపు వెనకే ఉండిపోయింది. రేడియోలో ఫుట్‌బాల్ వస్తే కట్టేసేవాడు. ఇదలీనా గుచ్చి గుచ్చి అడిగితే ఒకసారి చెప్పాడట, ఇప్పుడు వాడి నవ్వు గుర్తు చేసుకుందామంటే ఆ మొహం రావడం లేదని, వేరే మొహం వస్తోందని. ఆవిడ మాత్రం కోటు తొడుక్కుని ఉద్యోగానికి వెళ్ళేది. మాకందరికీ ఆవిడ మీద కోపం చల్లారి జాలి మొదలైంది. కిటికీలు మూయడం మానేశాం. దానివల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదనుకోండి.

ఎవరిస్తో గారు రిటైరై ముసలివాళ్ళ ఆశ్రమంలో చేరాడు. ఆఫీసులో ఆయన కుర్చీలోకి ఫిలోమేనా అనే ఆవిడ వచ్చింది, లిస్బన్‌లో చదువుకున్న మనిషి, మాట సూటిగా ఉంటుంది. ఒకరోజు ఇదలీనా బయల్దేరబోతుంటే ఆపింది.

"దోనా ఇదలీనా, ఒక్కో ఇంటినుంచి ఇంతమందిని ఎందుకు రమ్మంటున్నారు?"

"దగ్గరివాళ్ళందరూ నిలబడి చూడాలి కదండీ."

"ఎవరన్నారు? ఇంట్లో ఒకరు సరేనంటే చాలు. చూడటానికి ఎవరూ రానక్కర్లేదు, జెఫెరీనో చూసుకుంటాడు."

"ఇప్పుడు మారిందా అండీ రూలు?"

"మారడమేంటి? అలాంటి రూలు ఎప్పుడూ లేదు."

ఫిలోమేనా తన పనిలో పడిపోయింది. ఆవిడకేం తెలుసు పాపం, తను ఏం చెప్పిందో. ఇదలీనా ఆరోజు ఏ ఇంటికీ వెళ్ళలేదు. తిన్నగా కొండ మీది ఆశ్రమానికి ఎక్కింది. ఎవరిస్తో గారు ఒళ్ళో దుప్పటితో ఎండలో కూర్చుని ఉన్నాడు.

"హాజరు అవసరమని మీకెవరు చెప్పారండీ?" అని అడిగింది.

ఆయన ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "నాకు ముందున్నాయన అలాగే చెప్పేవాడమ్మా."

"ఆయనకెవరు చెప్పారు?"

"ఆయన పోయి ఎన్నేళ్ళయింది," అన్నాడు ఎవరిస్తో గారు. "మంచి భాష. నువ్వు చాలా చక్కగా చెప్పేదానివి. నీ అంత బాగా ఎవరూ చెప్పలేదు."

తిట్టిపోయాలని వెళ్ళిన మనిషి, ఆయన దుప్పటి సరిచేసి దిగొచ్చేసింది. ఆయన్ని తిడితే ఏమొస్తుంది? ఆ మాట గుమ్మాల్లో చెప్పింది తను. దారిలో గ్రసిందా కనిపించి "ఏమే, మొహమేంటి అలా ఉంది?" అని పిలిచింది. ఇదలీనా ఆగి, చేపల బల్ల ముందు నిలబడి, "ఆరోజు నువ్వు రానక్కర్లేదటే గ్రసిందా," అంది. గ్రసిందాకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది.

మొగుడికి మాత్రం చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని జరుపుకుంటూ వచ్చింది. ఇంతలో రెండేళ్ళూ అయిపోయి, బెల్మీరో వంతు మళ్ళీ వచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ కోటు విప్పి, మేకుకి తగిలించి, బల్ల దగ్గర ఆయన పక్కన కూర్చుంది. అల్బెర్తీనో బాగా చిక్కిపోయాడు. రొట్టె ముక్క సూపులో నానేసి తినడం మర్చిపోయి కూర్చున్నాడు.

"గురువారం మళ్ళీ తవ్వుతారంట," అంది, ఇంటిగొంతుతోనే.

ఆయన తల ఊపాడు. "సూటు ఇస్త్రీ చెయ్యాలి."

"వద్దు. నువ్వు రాకు. నేను వెళ్ళొస్తాను."

"రావాలి కదా. తప్పదు కదా."

"అక్కర్లేదు అల్బెర్తీనో. రానక్కర్లేదు."

ఆయన చెంచా కింద పెట్టి ఆవిడ వైపు తిరిగాడు. చాలా రోజుల తరవాత ఆవిడ మొహంలోకి సూటిగా చూశాడు. కోపం లేదు ఆ చూపులో, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"మరి అప్పుడు?"

ఎన్ని గుమ్మాల్లో ఎన్ని ప్రశ్నలకి జవాబు చెప్పిన మనిషో ఇదలీనా. బల్ల మీద చేతులు పెట్టుకుని, సూపు గిన్నె వైపు చూస్తూ కూర్చుంది. ఆయన జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.