ఫోన్ పెట్టెయ్యని బాబాయి

మా పత్రికాఫీసులో హలో బాబాయికి ఒక్కటే జబ్బు. ఎవరు ఫోన్ చేసినా అవతలివాళ్ళు పెట్టేసేదాకా తను పెట్టడు. స్థలాలమ్మేవాళ్ళు, బీమా కట్టించేవాళ్ళు, లాటరీ తగిలిందనేవాళ్ళు, అందరూ ఆయనకి చుట్టాలే.

"బట్టతల మీద జుట్టు మొలిపిస్తారా? సంతోషం తల్లీ! మరి నా తల నిండా జుట్టుందే, దాన్నేం చెయ్యమంటావు?"

అరగంటకి ఆ పిల్లే బతిమాలుకునేది: "ఉంటానండీ, మా సూపర్‌వైజర్ చూస్తున్నాడు!"

ఒక బీమా ఏజెంటు ఈయన ప్రశ్నలకి తట్టుకోలేక ఉద్యోగమే మానేశాడని మావాళ్ళ నమ్మకం. పక్కబల్ల నాది కనక నేనూ నమ్మాను.

ఇంతలో ఇలాంటి ఫోన్లకీ, నాసిరకం సరుకులకీ ముకుతాడు వేస్తూ చట్టం తెస్తానంది ప్రభుత్వం. మా ఎడిటరుకి ఒళ్ళు మండింది. ప్రకటనలిచ్చేవాళ్ళకీ మండింది. ఎవరిది ముందు మండిందో నేను చెప్పను. 'ఫోన్ పెట్టెయ్యడానికీ సర్కారు కావాలా?' అంటూ ఎడిటరు సంపాదకీయం దంచేశాడు.

"పెట్టెయ్యడం మీకొచ్చు సార్. అందరికీ రాదు," అన్నాడు బాబాయి.

"మీకు రాదని దేశమంతటికీ చట్టమా బాబాయ్?"

అందరం పగలబడి నవ్వాం.

ఆ సాయంత్రం బాబాయి కింద అచ్చుగదిలో ఉండగా వాళ్ళక్కగారు వచ్చారు.

"నా ఫోన్ పాడైంది నాయనా. ఇదివరకు రోజుకి ఇరవైమంది పలకరించేవాళ్ళు. ఏడాదిగా కొత్తవాళ్ళెవరూ చెయ్యట్లేదు."

ఎడిటరు ఫోన్ అందుకుని నొక్కి చూశాడు. "పాడవలేదమ్మా. తెలియని నంబర్లన్నీ మీ తమ్ముడి ఫోనుకి వెళ్ళేట్టు పెట్టారు."

"ఓరి వీడి దుంపతెగ! నడుంనొప్పికి వేడిబెల్టని ఎవరో ఫోన్లో చెబితే కొన్నాను. కాదనడానికి మొహమాటం కదా! అది అంటుకుని వీపంతా బొబ్బలెక్కింది. వీడు ఆ ఫోన్ చేసినవాణ్ణి తిట్టబోతే నేనే ఆపాను. పొట్టకూటికి చేసేవాళ్ళు, నాకొచ్చే ఫోనెత్తి ఎవర్నీ విసుక్కోనని, వాళ్ళకంటే ముందు పెట్టెయ్యనని ఒట్టు వెయ్యరా అన్నాను. వేశాడు!"

ఎవరికీ నవ్వు రాలేదు. ఎడిటరు పేజీలోంచి తన సంపాదకీయం తీసి పక్కన పెట్టాడు. ప్రకటనల మేనేజరు నోరు తెరవబోతే, "వాళ్ళకి నేను చెప్పుకుంటాను," అన్నాడు.

బాబాయి పైకొచ్చాడు. అక్కని చూసి గతుక్కుమన్నాడు.

"చట్టం కావాలని మీరే రాయండి బాబాయ్. గంట టైముంది."

"అరగంట చాలు సార్," అన్నాడు బాబాయి కలం తీస్తూ. "గట్టిగా రాస్తాను. ఈవిడ మర్యాద మొయ్యలేక నా గొంతు పోతోంది!"