తువ్వాలు కింద ఒప్పందం

కోర్టు కాగితాల్లో ఈ వ్యవహారం ‘రాజీ’ అన్న ఒక్క మాటతో ముగిసింది. చదివినవాళ్లు ఇరుపక్షాలూ సంతోషంగా ఇళ్లకు వెళ్లారనుకుంటారు. అలా జరగలేదు. దగ్గరుండి చూసినవాళ్లలో చెప్పడానికి ఇక నేనే మిగిలాను కాబట్టి రాసి పెడుతున్నాను.

ఎనభైల చివర్లో నేను నరసరావుపేటలో ఒక పత్తి మిల్లు గుమాస్తాను. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయంలో బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నదే. మిల్లు యజమాని వయసులో ఉండగా ఎడ్ల బేరగాడు. మాచర్ల, వెల్దుర్తి వైపు సంతలన్నీ తిరిగాడు. మిల్లు పెట్టాక కూడా భుజం మీద తువ్వాలు తీయలేదు. ఎడ్ల బేరం నోటితో చెప్పరు. ఇద్దరూ కుడిచేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. లోపల ఏం జరిగిందని పక్కవాడు అడగడం మర్యాద కాదు.

ఆయన పెద్దకొడుకు పట్టుబట్టి మిల్లుకు కంప్యూటర్ తెప్పించాడు. పత్తి లెక్కలకు ప్రోగ్రామ్ రాసే పని మా ఊరి మోటార్ మెకానిక్ కొడుక్కి అప్పగించారు. అతను హైదరాబాదులో కోర్సు చదివి అప్పుడే తిరిగొచ్చాడు. వాళ్లుండే మసీదు వీధిలో కంప్యూటర్ అనే మాట పలికిన మొదటి మనిషి అతనే అనుకుంటాను. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాశారు. ప్రోగ్రామ్ ఈ మిల్లుకే చెందుతుంది, అతను ఇంకెవరికీ ఇవ్వకూడదు.

ప్రోగ్రామ్ సిద్ధమైన రోజు మా యజమాని పెద్దాయన, రైతుకిచ్చే అచ్చు చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆ కుర్రాణ్ని ఆయన వరస కలిపి అల్లుడా అనేవాడు.

“ఒరేయ్ అల్లుడా, బండి మొత్తానికి ఒకటే రకం చూపిస్తందేంది? ఒక్కో బోరెం సంచిలో ఒక్కో రకం పత్తి ఉంటది. మంచిది తెచ్చినోడు మునిగిపోడా?”

“అట్లా కావాలంటే మొత్తం మళ్లీ రాయాల పెద్దయ్యా. అగ్రిమెంటులో లేదు.”

“లేకపోతే ఇప్పుడు కలుపుదాం. నీకేం కావాలో అడుగు.”

“దీన్ని ఇంకో రెండు మిల్లులకు ఇచ్చుకోనియ్యండి. నా చేతిలో ఉన్న పని ఇదొక్కటే.”

పెద్దాయన కుడిచెయ్యి చాచి, పైన తువ్వాలు కప్పాడు. “పట్టు,” అన్నాడు. కాసేపటికి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని నా వైపు తిరిగాడు. “అయిపోయింది. టీ చెప్పు. అల్లుడికి చక్కెర ఎక్కువెయ్యమను, చానా భయపడ్డాడు.”

నేను అడగలేదు. సాయంత్రం గేటు దగ్గర అతనే చెప్పాడు. “నేను రెండు వేళ్లే ఇచ్చానన్నా. ఆయనే అయిదూ కలిపి పట్టాడు. అయిదు మిల్లులు.”

ఆ వానాకాలమంతా కూర్చుని అతను ప్రోగ్రామ్ మళ్లీ రాశాడు. బోరెం బోరేనికీ రకం వచ్చింది. పత్తి దిగే రోజుల్లోనే పెద్దాయనకు పక్షవాతం వచ్చి మాట, కుడిపక్క పోయాయి. సంగతి తెలియని పెద్దకొడుకు, ప్రోగ్రామ్ పిడుగురాళ్లలో ఇంకో మిల్లుకు చేరిందని విని దావా వేశాడు. తువ్వాలు కింద మాట గురించి చెబితే, కాగితం చూపించమన్నాడు. ఓడితే మెకానిక్ కొడుకు తను రాసిన ప్రోగ్రామ్‌ను ఇంకెవరికీ ఇవ్వలేడు. తండ్రి షాపులో మోటార్లకు తీగ చుట్టుకోవాల్సిందే.

నేను గ్రంథాలయంలో చట్టాల పుస్తకాలు ముందేసుకున్నాను. రాసుకున్న ఒప్పందాన్ని తర్వాత నోటిమాటతో మార్చుకోవచ్చనీ, దాన్ని కోర్టులో రుజువు చేసుకోవచ్చనీ కనిపించింది. గెలిచేసినట్టే అతని వకీలు దగ్గరికి పరిగెత్తాను.

“చదవడం బాగానే చదివావయ్యా. సాక్షి ఎవరు?”

“నేనే.”

“ఏం చూశావు?”

“తువ్వాలు.”

“అయితే దాన్నే బోనెక్కిద్దామా?” ఆయన నవ్వి, వెంటనే మానేశాడు. ఒక్క దారే ఉందన్నాడు. కోర్టువాళ్లను పెద్దాయన మంచం దగ్గరికే పిలిపించి, సైగలతో సాక్ష్యం తీసుకోవాలి.

ముందు నేనూ, మెకానిక్ కొడుకూ ఆయన్ని చూడ్డానికి వెళ్లాం. పెద్దకొడుకు అడ్డు చెప్పలేదు, తలవైపు నిలబడ్డాడు. పెద్దాయన తన అల్లుణ్ని గుర్తుపట్టాడు. ఎడమచేత్తో దిండు పక్కనున్న తువ్వాలు లాగి, తన కుడిచెయ్యి మీద వేసుకున్నాడు. అతను మోకాళ్ల మీద కూర్చుని లోపల చెయ్యి పెట్టాడు. తువ్వాలు కదల్లేదు. పెద్దాయన ముఖం ఎర్రబడింది, నోటి పక్కన చొంగ కారింది. చివరికి ఎడమచెయ్యి కూడా తువ్వాలు కిందికి తోశాడు. ఈసారి గుడ్డ బిగుసుకుంది. అతని అయిదు వేళ్లూ ఆ పిడికిట్లో ఉన్నాయని పైకే తెలుస్తోంది.

పెద్దకొడుకు చూశాడు. మెల్లగా అన్నాడు, “ఎడంచేతి బేరం బేరమేంది నాన్నా?”

సంతలో అదీ నియమమే. ఆ నియమం పెద్దాయనే కొడుక్కి నేర్పి ఉంటాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు. పక్కకు తిరగడం కూడా ఆయన చేతిలో లేదు.

బయటికొచ్చాక, కోర్టువాళ్లను పిలిపిద్దాం, ఆ పిడికిలి చాలు అన్నాను.

“వద్దన్నా. నలుగురిని చుట్టూ నిలబెట్టి, ఆయన చేత మళ్లీ ఆ చెయ్యి ఎత్తించలేను. నాకైతే చెప్పాడుగా.”

వారంలో రాజీ సంతకాలయ్యాయి. పిడుగురాళ్ల మిల్లు నుంచి ప్రోగ్రామ్ తీసేశాడు, ఇంకెవరికీ ఇవ్వనని రాసిచ్చాడు. ఎండలు ముదరకముందే పెద్దాయన పోయాడు. అతను తండ్రి మోటార్ల షాపులో కూర్చున్నాడు. మా మిల్లులో మాత్రం బోరెం బోరేనికీ రకం అచ్చవుతూనే ఉంది. ప్రతి చీటీ నేనే చించి రైతు చేతికిచ్చేవాణ్ని.

ఇది రాయడానికి సాయపడినవాళ్లను వాళ్ల పనులతోనే తలుచుకుంటాను. బయటికివ్వకూడని చట్టాల పుస్తకాన్ని ఆదివారానికి ఇంటికిచ్చిన గ్రంథపాలకుడికి, ఫీజు మాటెత్తని వకీలుకు, ఆ రోజు మమ్మల్ని లోపలికి రానిచ్చిన పెద్దాయన భార్యకు నా నమస్కారాలు. నేను ఎన్నిసార్లు అడిగినా, మోటార్లకు తీగ చుట్టుకుంటూనే, పెద్దాయన మీద ఒక్క మాట అననివాడికి కూడా.