మోకాలి దాకా వచ్చిన కోపం

టేపత్తయ్యకు కోపం వస్తే అరవదు, అలగదు, గిన్నెలు దభీమని పెట్టదు. ఆ కోపం ఒంట్లో ఎక్కడి దాకా వచ్చిందో చెబుతుంది. మామూలు మనుషులకు అరికాలి మంట ఒక్క గంతులో నెత్తికెక్కుతుంది. ఆవిడది మాత్రం ప్యాసింజరు రైలు. చీలమండ దగ్గర ఆగుతుంది, మోకాలి దగ్గర ఆగుతుంది, నడుం దగ్గర కాసేపు నిలబడుతుంది. ఆగిన ప్రతిచోటా ఆవిడే ఎదుటివాళ్ళకు ఆ కబురు అందిస్తుంది.

ఆవిడ కుట్టుపని చేస్తుంది. నగలు మరిచిపోయి పెళ్ళికి వెళ్ళిన సందర్భాలున్నాయి గానీ, మెడలో కొలత టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. అందుకే వీధి వీధంతా టేపత్తయ్య అంటుంది. ఆవిడ దృష్టిలో మనిషంటే కొలతలు. చొక్కాకు భుజం చూడాలి, ప్యాంటుకు నడుం చూడాలి, కోపానికి చీలమండ నుంచి నెత్తి దాకా అంతా చూడాలి.

ఒక పెద్దమనిషి ప్యాంటు బిగుతయిందంటూ మాటిమాటికీ దుకాణానికి తెచ్చేవాడు.

"నేనేం లావెక్కలేదు. మీరే గుడ్డ మిగుల్చుకున్నారు" అన్నాడోసారి.

అత్తయ్య నోట్లో పెట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. "చూడు బాబూ. నీకు పెరిగింది నడుం. నాకు కోపం వచ్చిందీ నడుం దాకానే. రెండూ కొలిచే చెబుతున్నా."

ఆయన ఒకసారి తన నడుం, ఒకసారి ఆవిడ నడుం చూసుకుని, ప్యాంటు వదులు చెయ్యడానికి ఇచ్చి మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

డాక్టరు దగ్గరా ఇదే వరస. రక్తపోటు చూడ్డానికి చేతికి పట్టీ చుట్టబోతే, "కాసేపాగండి. భయం భుజాల దాకా ఉంది. మోచేతికి దిగాక చెబుతాను" అంది. బయట జనం బారులు తీరి ఉన్నారు. డాక్టరు ఆగాడు. ఆగకపోతే తనకు కోపం ఎక్కడి దాకా వచ్చిందో కూడా ఆవిడే చెప్పేసేలా ఉంది మరి.

ఈ అలవాటుతో అందరికంటే ఎక్కువ నలిగిపోయింది ఆవిడ మేనల్లుడు. అతని పెళ్ళిలో ఫొటోలవాడు బంధువులందరినీ అదే పనిగా నిలబెడితే, అత్తయ్య హాలంతా వినబడేలా, "సంతోషం గొంతు దాకా ఉంది నాయనా, విసుగు మోకాలి దాకా వచ్చింది. రెండూ కలవకముందే తీసెయ్" అంది. పెళ్ళిపీటల మీద అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఫొటోలో పెళ్ళికొడుకు కళ్ళు మూసుకునే ఉన్నాడు.

మేనల్లుడిది కళ్ళజోళ్ళ షాపులో పని. కొనేవాళ్ళు ఎంత విసిగించినా చిరునవ్వు చెదరనివ్వడు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోతుంటాడు. ఆ ఉడుకు ఇంటికి మోసుకొచ్చి, సోఫాలో కూలబడి, ఫోను తెరిచి అందులో తల దూరుస్తాడు. భార్య పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. వాళ్ళకు నాలుగేళ్ళ కూతురు. మాటలు రాకముందు నుంచే గలగలమనేదని గిలక్కాయ అని పిలుచుకున్నారు. ఫోను చేతికొచ్చాక ఆ గలగల తగ్గిపోయింది, పేరు మాత్రం మిగిలింది.

జడ వేయాలంటే ఫోను, తినిపించాలంటే ఫోను, స్నానాల గదిలో తలుపు సందులోంచి ఫోను. అది చేతిలో ఉన్నంతసేపూ బంగారుతల్లి. తీసుకున్నారో, కొరుకుతుంది. ఫోను లేని బడిలో అయితే ఎవరు అందితే వాళ్ళని. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే మనిషి కూతురి పళ్ళ గురించి బడిలో పిల్లలందరికీ తెలిసిపోయింది.

"చిన్నపిల్లే, కాదనను" అంది బడి టీచరు. "కానీ మిగతా అమ్మానాన్నలు ఊరుకోవట్లేదండీ. ఇంకోసారి కొరికిందంటే మాత్రం కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచుకోవాల్సి ఉంటుంది."

ఇంట్లో ఉంచుకోవాలంటే ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానాలి. పైగా బడి మాన్పించిన పిల్లకు ఇంట్లో దిక్కు మళ్ళీ ఆ ఫోనే. భార్యాభర్తలిద్దరూ ఎటూ తోచక తలలు పట్టుకున్నారు. చివరికి భార్యే, "మీ అత్తయ్యగారిని కొన్నాళ్ళు వచ్చి ఉండమందాం" అంది. మేనల్లుడు గుండె చిక్కబట్టుకుని ఫోను చేశాడు.

"అత్తయ్యా, నువ్వు వచ్చి కొన్నాళ్ళుంటే బాగుంటుంది. కానీ ఒక్కటే మాట. పిల్ల ముందు ఆ కొలతలు వద్దు."

"ఎందుకురా?"

"అసలే అది ఓ రకంగా ఉంది. నువ్వు ఇంకో రకం చేసి పెడతావు."

"చీలమండ" అంది అత్తయ్య.

"ఏంటి?"

"చీలమండ దాకా వచ్చింది. వస్తున్నాలే."

వచ్చిన రోజు భోజనాల దగ్గరే పిల్ల ప్రతాపం బయటపడింది. పెద్దావిడ ఇంట్లో ఉందన్న ధైర్యంతో మేనల్లుడు గిలక్కాయ చేతిలోని ఫోను చటుక్కున లాక్కున్నాడు. గిన్నె గాల్లోకి లేచింది. అందులో ఉన్నది అత్తయ్య ఒళ్ళో పడింది. పిల్ల గుక్క పట్టి ఏడుస్తోంది.

అత్తయ్య ఒళ్ళు దులుపుకుంది. "నాకు కోపం మోకాలి దాకా వచ్చింది" అంది, వర్షం వచ్చేలా ఉందన్నంత మామూలుగా.

మేనల్లుడు నుదురు కొట్టుకున్నాడు. గిలక్కాయ ఏడుపు మధ్యలో ఆపి ఆవిడ మోకాలి వంక చూసింది. కుర్చీ దిగి వచ్చి, వంగి మరీ చూసింది.

"ఏదీ?"

"ఇదిగో, ఇక్కడ."

"కనిపించట్లేదు."

"కోపం కనిపించదమ్మా. చెబితేనే తెలుస్తుంది. అందుకే చెబుతున్నా. నీకెక్కడి దాకా వచ్చింది?"

గిలక్కాయకు తన ఏడుపు గుర్తొచ్చి మళ్ళీ అందుకుంది. "సరే, ఇంకా కొలత అందలేదన్నమాట" అని అత్తయ్య చీర మార్చుకోవడానికి లేచింది.

మేనల్లుడు అనుకున్నట్టు ఆవిడ ఫోనును బీరువాలో పెట్టి తాళం వేయలేదు. పిల్ల పక్కన చతికిలబడి తనూ చూసింది. బొమ్మల కథలో కుందేలు దగ్గర ఎవరో దుంప లాక్కుంటే, "పాపం, దానికి ఎక్కడి దాకా వచ్చిందంటావు?" అని అడిగింది. అంతవరకూ నోరు తెరుచుకుని రెప్ప వేయకుండా చూస్తున్న పిల్ల మొదటిసారి తెర మీంచి కళ్ళు తిప్పింది. "చెవుల దాకా" అంది.

"కుందేలు చెవులు పొడుగు. అయితే చాలా కోపమే" అంది అత్తయ్య. "ఈ కథ అయ్యాక ఆపేద్దాం. ఆపితే నాకైతే దిగులు నడుం దాకా వస్తుంది. నీకెక్కడి దాకా వస్తుందో చూసి చెప్పు."

అత్తయ్య పాత టేపు ముక్క ఒకటి చేతికిచ్చాక గిలక్కాయకు ఇల్లంతా పనే. కుర్చీకి కోపం ఎంత, తలుపుకు ఎంత అని కొలిచింది. ఫ్రిజ్‌కు అసలు కోపమే లేదని తేల్చింది. సోఫాలో ఫోను చూసుకుంటున్న తండ్రి కాలికి టేపు చుట్టి, "నాన్నకి ఎక్కడి దాకా వచ్చిందో తెలీట్లేదు" అని వంటింట్లోకి వినబడేలా చెప్పింది. తల్లి కూడా ఆ పార్టీలో చేరిపోయింది. మంచం మీద తడి తువాలు చూసి, "ఏవండీ, నాకు భుజాల దాకా వచ్చింది" అంది. పెళ్ళయ్యాక ఏనాడూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. మేనల్లుడు తువాలు ఆరేసి వచ్చాడు గానీ, అత్తయ్యను పిలిచి పెద్ద తప్పే చేశానని మనసులో బాధపడ్డాడు.

ఒక సాయంత్రం షాపులో ఎవరిమీదో ఉడికిపోయి వచ్చి, కథ మధ్యలో ఉండగానే ఫోను లాక్కున్నాడు. గిలక్కాయ అతని ముంజేతిని కరిచి పట్టుకుంది. "అత్తయ్యా, చూడు" అని మొత్తుకున్నాడు.

అత్తయ్య ఉన్నచోటు నుంచి కదల్లేదు. "అమ్మడూ, కొలత చెప్పి కొరుకు" అంది.

"అత్తయ్యా" అన్నాడతను, ఈసారి ఏడుపు గొంతుతో.

పిల్ల పళ్ళ సందులోంచి ఏదో గొణిగింది. "వినబడలేదు తల్లీ, సరిగ్గా చెప్పు" అంది అత్తయ్య. గిలక్కాయ కాసేపు ఆలోచించింది. చెయ్యి వదిలింది.

"గొంతు దాకా" అంది.

మళ్ళీ కొరకడానికి చూసింది గానీ అప్పటికి చెయ్యి దూరం వెళ్ళిపోయింది. మాట్లాడాలంటే నోరు వదలాలి కదా. ఆ చిన్న సంగతి ఇంట్లో అత్తయ్యకొక్కదానికే తెలుసు.

"గొంతు దాకానా, అయితే ఎక్కువే. మోకాలికి దిగేదాకా ఇద్దరం ఇక్కడే కూర్చుందాం" అని ఒళ్ళోకి తీసుకుంది. దిగడానికి చాలాసేపే పట్టింది.

తర్వాత కొన్నాళ్ళకు షాపుకు బడి నుంచి ఫోను వచ్చింది. ఒకసారి అందరినీ రమ్మంది టీచరు, ఎందుకో చెప్పలేదు. మేనల్లుడు షాపులో చెప్పి బయల్దేరాడు. భార్య పళ్ళ డాక్టరుకు చెప్పి పరిగెత్తుకొచ్చింది. అత్తయ్య ఇంటి నుంచి వచ్చింది. టీచరు బల్ల మీద పాత టేపు ముక్క ఒకటి ఉంది. గిలక్కాయ సంచీలోదే.

"ఎవర్ని కొరికిందండీ?" అన్నాడు మేనల్లుడు, కూర్చోకుండానే.

"ఎవర్నీ కొరకలేదు. కూర్చోండి" అంది టీచరు. "నిన్న మధ్యాహ్నం టీవీలో బొమ్మలు వేశాం. మంచి రసపట్టులో కరెంటు పోయింది. గదిలో పిల్లలందరూ ఒక్కసారిగా రాగం ఎత్తుకున్నారు. మీ అమ్మాయి లేచింది. నాకు గుండె జారిపోయింది, అబద్ధమెందుకు. ఒక్కొక్కరి దగ్గరికీ ఈ టేపు పట్టుకెళ్ళి, ఎక్కడి దాకా వచ్చిందని అడిగింది. ఒకడు పొట్ట దాకా అన్నాడు. ఒకమ్మాయి జడ దాకా అంది. ఒకడైతే ఒంట్లో పట్టక బయటికి వచ్చేసిందన్నాడు. చెబుతూ చెబుతూ అందరూ ఏడుపు మరిచిపోయారు."

తల్లి కళ్ళు తుడుచుకుంది. టీచరు కాస్త గొంతు తగ్గించింది.

"తర్వాత నా దగ్గరికొచ్చింది. నాకేం లేదమ్మా అన్నాను. అబద్ధం టీచర్, సరిగ్గా నిలబడండి అంది. నిలబడి చూసుకుంటే నిజంగానే భుజాల దాకా ఉంది. ఈ టేపులు ఇంకొన్ని దొరుకుతాయా అని అడుగుదామనే పిలిచాను. బడి మాన్పించే మాట ఇంక మర్చిపోండి. అసలు ఇదెవరు నేర్పారు?"

"ఏదో అలవాటమ్మా" అని అత్తయ్య టేపు కొసతో ఆడుకుంది.

"మా అత్తయ్యకి మొదటినుంచీ ఉన్న పిచ్చే లెండి" అన్నాడు మేనల్లుడు, ఈసారి కాస్త గర్వంగానే.

ఇంటికొచ్చేసరికి మావయ్య వచ్చి ఉన్నాడు, భార్యను తీసుకెళ్ళడానికి. దుకాణంలో గుండీలు కుట్టే పని ఆయనది. మాట్లాడే పని ఏనాడో భార్యకు అప్పగించేశాడు. బడి సంగతంతా విని, చివరి మాట దగ్గర తలెత్తాడు.

"మొదటినుంచీ ఎక్కడిదిరా? పెళ్ళయిన కొత్తలో మీ అత్తకు నోట్లో నాలుక లేదు. కాలు తొక్కినా కిమ్మనేది కాదు. నువ్వొచ్చాకే ఇదంతా."

"నేనా?"

"మీ అమ్మ పనికెళ్తూ నిన్ను మా దుకాణంలో దింపేది. ఎదురుగా టీవీలమ్మే షాపు. అద్దంలోంచి అదే పనిగా చూసేవాడివి. వాళ్ళు షట్టరు దించారంటే నువ్వు కొరికేవాడివి. నోటికి ఏది అందితే అది."

"ఇంక చాల్లే" అంది అత్తయ్య. మావయ్య వినకుండా ఆవిడ మోచేతి దగ్గరున్న మచ్చ చూపించాడు.

ఆ మచ్చ మేనల్లుడికి చిన్నప్పటినుంచీ తెలుసు. "అది ఇస్త్రీపెట్టె అంటుకున్న మచ్చ కదా" అన్నాడు.

"ఇస్త్రీపెట్టెకి పళ్ళుంటాయా?" అన్నాడు మావయ్య.

మేనల్లుడు వంగి ఆ మచ్చను దగ్గర్నుంచి చూశాడు. చిన్న చిన్న పళ్ళ వరస.

"కోపమొస్తే నీకు మాట పెగిలేది కాదు. ఎవరో ఒకరు చెప్పి చూపించాలిగా అంది. తెలిసింది కుట్టుపని ఒక్కటే, అందులోంచే కొలతలు తీసింది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేది పాపం. తలుపేసుకుని, కోపం మోకాలి దాకా వచ్చింది అని నాకు అప్పజెప్పేది."

"మరి నేను కొరకడం మానేశాక నువ్వెందుకు మానలేదత్తయ్యా?"

"నువ్వు కొరకడంతో పాటు చెప్పడం కూడా మానేశావురా" అంది అత్తయ్య. "అన్నీ లోపల వేసుకుని నవ్వుతూ తిరుగుతుంటే చూడలేకపోయాను. నేనొక్కదాన్నయినా చెబుతుంటే నీకెప్పుడైనా గుర్తొస్తుందనుకున్నా. కాస్త ఆలస్యమైందంతే."

అతని పెళ్ళిలో, డాక్టరు దగ్గర, దుకాణంలో, జనం నవ్వుతున్నారని తెలిసీ ఆవిడ చెప్పుకుంటూ వచ్చింది ఇందుకా అనిపించింది మేనల్లుడికి. గిలక్కాయ టేపు పట్టుకుని అతని ముందుకొచ్చింది.

"నాన్నా, నీకెక్కడి దాకా?"

"గొంతు దాకా" అన్నాడతను, కష్టం మీద.

"కోపమా?"

"కాదు తల్లీ. సంతోషం."

గిలక్కాయ కుర్చీ ఎక్కి, గొంతు దగ్గర టేపు పెట్టి, సరిగ్గానే ఉందని అందరికీ ప్రకటించింది. ఆ తర్వాత కుందేలు కథ, బడిలో కరెంటు కథ, ఫ్రిజ్ కథ కలిపి గలగలా చెబుతూనే ఉంది. ఫోను సోఫాలో ఎక్కడో మోగి ఊరుకుంది.

"నాకు ఆకలి నడుం దాటింది. ఎవరైనా లేస్తారా?" అంది అత్తయ్య.

మర్నాడు షాపులో ఒకాయన ఉన్న ఫ్రేములన్నీ పెట్టి చూసుకుని, మళ్ళీ మొదటిది ఇమ్మన్నాడు. మేనల్లుడు అలవాటుగా నవ్వబోయి ఆగాడు.

"సార్, ఏమీ అనుకోకండి. నాకు విసుగు మోకాలి దాకా వచ్చింది" అన్నాడు నెమ్మదిగా.

ఆయన వంగి అతని మోకాలి వంక చూశాడు. తర్వాత ఫ్రేము తీసి బల్ల మీద పెట్టాడు.

"నిజం చెప్పాలంటే నాకు కళ్ళజోడు అక్కర్లేదండీ" అన్నాడు. "పొద్దున మా ఆవిడతో మాటా మాటా అయింది. ఇంటికెళ్ళాలంటే భయం."

"ఎక్కడి దాకా?" అని అడిగి, మేనల్లుడు ఆయనకు స్టూలు జరిపాడు.