చిన్న గుట్ట చాలన్న డ్రిల్ సార్

మా డ్రిల్ సార్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున నేను పప్పుకు తాలింపు వేస్తుంటే ఫోనొచ్చింది. తాలింపు మాడిపోయింది. ఆ మాడు వాసనలోనే కూర్చుని ఏడ్చాను. అందులో సగం దుఃఖం, సగం సిగ్గు. ఎనిమిదేళ్ల కింద నా తప్పొకటి ఆయన నెత్తినేసుకున్నారు. ఆ సంగతి నలుగురిలో చెప్పాల్సిన దాన్ని నేను. ఆయన బతికుండగా చెప్పలేదు.

మిర్యాలగూడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో మేమిద్దరం పనిచేసేవాళ్లం. నేను కోదాడ నుంచి వచ్చిన సైన్సు టీచర్ని, నోరు కాస్త ఎక్కువ. ఆయనది మాడుగులపల్లి వైపు, గొర్లు కాసే ఇల్లు. మెడలో విజిల్ ఉండేది గానీ ఊదేవారు కాదు, ప్రతి పిల్లనూ పేరు పెట్టి పిలిచేవారు. "మందను లెక్కవెట్టొద్దు మేడం, దిష్టి తగుల్తది. మొఖాలు సూడాలె" అనేవారు. నేను నవ్వేదాన్ని. సైన్సు టీచర్ని కదా మరి!

2006 చలికాలంలో ఐదో తరగతి పిల్లల్ని ఒక రోజు బయటికి తీసుకుపోవాలనుకున్నాం. హైదరాబాదులో మంచు మీద జారే ఆట ఉందట, అక్కడికే పోదామని పిల్లలు ఒకటే గోల. నేను సాగర్ అన్నాను. సార్ రెండిటికీ అడ్డం తిరిగారు.

"సాగర్ల నీళ్ల భయం, పట్నంల జనం భయం. పిల్లలను ఆడిస్తమా, భయపడుకుంట కూసుంటమా? పెద్దవూర తొవ్వల చిన్న గుట్టున్నది. నున్నటి బండ, జారుడే జారుడు. అంత మన కండ్ల ముంగటనే ఉంటది."

"రాళ్లగుట్టకు పిక్నిక్కేంటి సార్, మేమేమైనా గొర్రెలమా?" అనేశాను.

"గొర్లయితే గింత లొల్లి చెయ్యవు మేడం" అని నవ్వారు.

ముందు ఆదివారం తానొక్కడే పోయి ఆ బండ మీద పదిసార్లు జారి వచ్చారు. సాయంత్రం అటునుంచి అటే హెడ్‌మాస్టరు ఇంటికి వెనక తువ్వాలు అడ్డం పెట్టుకుని వెళ్లి, "ప్యాంటు పోయింది గని బండ మంచిది" అని చెప్పారు. రైసు మిల్లు నుంచి పాత గోనె సంచులు అడిగి తెచ్చి, రెండేసి కలిపి దబ్బనంతో తానే కుట్టారు. పిల్లలు కూర్చుని జారడానికి.

నిజం చెప్పొద్దూ, గుట్టకు పోయిన రోజు సాయంత్రం వరకూ అంత సంతోషం నేను ఏ సాగర్‌లోనూ చూడలేదు. కింది ఊరి పిల్లలు కూడా వచ్చి చేరారు. సార్ వాళ్లకూ సంచులిచ్చారు, పులిహోర పెట్టించారు.

నాలుగున్నరకు పిల్లల్ని బస్సు పక్కన వరసలో నిలబెట్టి బిస్కెట్లు పంచి లెక్కపెట్టాను. నలభై ఒక్కరు, పొద్దున బస్సెక్కినంత మందే. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ అంతే. డ్రైవరుకు ఆరింటికి ఇంకో కిరాయి ఉందట, హారన్ మోగిస్తూనే ఉన్నాడు. సార్ మాత్రం బస్సు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"ఒక పిల్ల లేదు."

"అందరూ ఉన్నారు సార్, లెక్క సరిపోయింది."

"లెక్క ఉన్నది మేడం. పిల్ల లేదు."

నాకు ఒళ్లు మండింది. "మీ గొర్రెల శాస్త్రం ఇక్కడొద్దు సార్, పొద్దుపోతోంది, ఎక్కించండి!" అని పిల్లలందరి ముందూ అరిచాను. ఆయన వరస వెంట ఒక్కో మొహం చూసుకుంటూ పోయి, చివర్న బిస్కెట్ తింటున్న పిల్ల ముందు ఆగారు. "నీదే ఊరు బిడ్డా?"

"గీ కింది ఊరే" అంది ఆ పిల్ల.

ఆ పిల్లను కూడా కలిపి లెక్కపెట్టాను నేను. మా పిల్లల్లో ఒకరు తక్కువ. ఎవరో కూడా నాకు తెలియదు! సార్ చెప్పారు, "స్రవంతి." నెమ్మదైన పిల్ల, తరగతిలో ఉందో లేదో కూడా తెలిసేది కాదు.

నేను పేరు పెట్టి అరుస్తూ జారుడు బండ వైపు పరుగెత్తబోతే ఆపారు. పిల్లల్ని అడిగారు, "స్రవంతి జారిందా?"

"లేదు సార్, భయపడ్డది. మేమందరం నవ్వినం."

ఆయన వెంటనే గుట్ట వెనక్కి తిరిగారు. "భయపడ్డ పిల్ల పదిమంది ముంగట జారదు మేడం. ఎవ్వరు సూడని కాడ జారుతది. దా!"

వెనకవైపు బండ నిటారుగా ఉంది. దాని అంచునే పిల్ల బోర్లా పడి ఉంది. ఒక బూటు రాతి సందులో ఇరుక్కుంది, ఆ బూటే ఆమెను ఆపింది. కింద ముళ్లకంపలు, పెద్ద పెద్ద రాళ్లు. ఎంతసేపు పిలిచిందో పాపం, గొంతు పోయి పెదాలు మాత్రం కదులుతున్నాయి. సార్ పొట్ట మీద పడుకుని కిందికి పాకారు.

"నా కాళ్లు ఇడువకుండ్రి మేడం. ఏడ్సుడు తర్వాత."

ఆయన ఒక చేత్తో పిల్ల నడుం పట్టుకుని, ఇంకో చేత్తో బూటు లేసు విప్పుతున్నారు. నేను ఆయన కాళ్లు గట్టిగా అదిమి పట్టుకున్నాను. పాదం బయటికి వచ్చింది. బూటు జారి పడింది. అది కింద రాళ్లకు తగిలిన చప్పుడు కాస్త ఆగి వినపడింది.

మర్నాడు స్రవంతి తండ్రి హెడ్‌మాస్టరు గదికి వచ్చాడు. కోపంతో మనిషి ఊగిపోతున్నాడు. "లెక్క సరిపోయిందని బస్సెక్కియ్యబోయిన్రంట! ఎవరు పెట్టిండ్రు ఆ లెక్క?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే సార్ అన్నారు, "నేనే పెట్టిన. తప్పింది."

జన్మలో లెక్కపెట్టని మనిషి! తండ్రి ఆయన గల్లా పట్టుకున్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఉద్యోగం పోతుందన్న భయంతో మూసిన నోరు మళ్లీ తెరవలేదు. లెక్కపెట్టింది మేడమని పిల్లలు అన్నా, సారే ఒప్పుకున్నాక ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత వరండాలో, "ఎందుకలా చెప్పారు సార్?" అని మాత్రం అడిగాను. "గుట్టను ఎంచింది నేను గద మేడం" అన్నారు. ఆ తర్వాత మా బడిలో పిక్నిక్కులు లేవు. పిల్లల్ని ఊరు దాటించే ఏ పనీ ఆయనకు ఇవ్వలేదు.

ఆ మంగళవారమే సార్ వాళ్ల ఊరు వెళ్లాను. ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. ఒక అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "గుర్తువట్టిన్రా మేడం? స్రవంతిని. సార్ లెక్క తప్పినా, నన్ను ఎతికి పట్టుకున్నడు. ఇంట్ల మా నాయిన ఇప్పటికీ సార్‌ను తిడుతడు, నేను కొట్లాడుత."

"లెక్క తప్పింది సార్ కాదమ్మా" అన్నాను. "నేను. వదిలేసి పోదామన్నది కూడా నేనే."

పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. ఆ పిల్ల నా చెయ్యి వదిలేసింది.  తనను తీసుకొచ్చి, లోపలికి రాకుండా వీధిలో మోటారు సైకిలు దగ్గరే నిలబడ్డ తండ్రి దగ్గరికి పోయి ఏదో చెప్పింది. ఆయన నావైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, సార్ కాళ్ల దగ్గర మట్టిలో కూర్చున్నాడు. పాడె లేపేదాకా ఆ మనిషి లేవలేదు.